సైన్స్ క్లాసుకు ఫామ్స్, షీట్స్: ఉచితంగా ఏం దొరుకుతాయి, ఎలా వాడాలి, పిల్లల వివరాల విషయంలో ఎక్కడ జాగ్రత్త పడాలి?

మీ పిల్లల స్కూల్ వాట్సాప్ గ్రూపు ఒకసారి తెరిచి చూడండి. సైన్స్ టీచర్ పంపిన పీడీఎఫ్‌లు, యూట్యూబ్ లింకులు, 'రేపు రికార్డు తప్పకుండా తేవాలి' అనే మెసేజ్‌లు వరసగా కనిపిస్తాయి. ఆన్‌లైన్ చదువంటే చాలాచోట్ల ఇంతే అయిపోయింది. కాగితం మీద ఉన్నది ఫోన్‌లోకి వస్తుంది. పిల్లలు దాన్ని మళ్లీ కాగితం మీదకి ఎక్కిస్తారు.

అదే ఫోన్‌లో ఉచితంగా దొరికే ఫామ్స్, షీట్స్, డాక్స్ ఇంకో పని చేయగలవు. క్లాసులో నలభై మంది కొలిచిన కొలతలన్నిటినీ కొద్ది నిమిషాల్లో ఒక్కచోటికి తెచ్చి, అందరి ముందూ గ్రాఫ్ గీసి చూపగలవు. నిజానికి ఇవి ఆఫీసు పనుల కోసం పుట్టిన పనిముట్లు. సైన్స్ పాఠానికి వాటివల్ల ఒరిగే అసలు లాభం ఈ ఒక్కటే. మిగతావన్నీ నల్లబల్లతో, నోటుబుక్కుతో కూడా జరుగుతాయి.

ప్రభుత్వ బడిలోనో, ప్రైవేటు స్కూల్లోనో సైన్స్ చెప్పే టీచరైతే మీకు ఇందులో చాలా భాగం నేరుగా పనికొస్తుంది. తల్లిదండ్రులైతే పిల్లల వివరాలు, ఖాతాల గురించి చెప్పిన భాగాలు వదలకుండా చదవండి.

ముందుగా, ఏది దేనికి?

గూగుల్ ఫామ్స్ ప్రశ్నపత్రం లాంటిది. లింకు పంపితే ఎవరైనా జవాబు నింపి పంపవచ్చు. ఆ జవాబులన్నీ గూగుల్ షీట్స్‌లో వరసలుగా చేరతాయి. లెక్కలు, సగటులు, గ్రాఫులు అక్కడ చేసుకోవచ్చు. డాక్స్‌లో ఒకే కాగితం మీద పదిమంది ఒకేసారి రాయవచ్చు. వీటన్నిటినీ హోంవర్కుల రూపంలో సర్దిపెట్టేది గూగుల్ క్లాస్‌రూమ్. మైక్రోసాఫ్ట్‌లోనూ ఇవే పనులకు ఫామ్స్, ఎక్సెల్, వర్డ్, టీమ్స్ ఉన్నాయి. మీ బడిలో ఏది అలవాటైతే అది వాడండి. కింద చెప్పే పద్ధతి రెండిటికీ సరిపోతుంది. ఉదాహరణలు మాత్రం గూగుల్‌వి.

ఒక ప్రయోగం మొదలు నుంచి చివరిదాకా

లఘులోలకాన్నే తీసుకుందాం. దారం, చివర ఒక గుండు లేదా రాయి, స్కేలు, స్టాప్‌వాచ్. ఖర్చు దాదాపు ఏమీ లేదు. హైస్కూలు పిల్లలు ఎవరైనా చేయగలరు. దారం పొడవు మారితే ఊగే సమయం ఎలా మారుతుందో చూసి, దాన్నుంచి గురుత్వ త్వరణం విలువ రాబట్టడం లక్ష్యం.

మామూలుగా జరిగేది ఏమిటి? టీచర్ ఒక్కసారి చేసి చూపిస్తారు. పట్టిక బోర్డు మీద రాస్తారు. పిల్లలందరి రికార్డుల్లోనూ అవే అంకెలు చేరతాయి. నలభై రికార్డులు ఉంటాయి కానీ ప్రయోగం జరిగింది ఒక్కటే.

దీన్ని మార్చడానికి ముందురోజు రాత్రి పది నిమిషాల పని చాలు. ఫామ్‌లో నాలుగే ప్రశ్నలు పెట్టండి. గ్రూపు నంబరు ఎంత? దారం పొడవు ఎంత? ఇది ఎన్నో ప్రయత్నం? 20 డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టింది? మొదటి మూడిటికీ డ్రాప్‌డౌన్ జాబితా పెట్టండి. పొడవుకు 25, 50, 75, 100 సెంటీమీటర్లు సరిపోతాయి.

నాలుగో ప్రశ్న దగ్గర ఒక చిన్న సెట్టింగ్ చాలా ముఖ్యం. ప్రశ్న పక్కన మూడు చుక్కలు నొక్కితే 'రెస్పాన్స్ వ్యాలిడేషన్' అని వస్తుంది. అందులో 'నంబర్' ఎంచుకోండి. ఇది పెట్టకపోతే ఒక పిల్లాడు '40.2' అని, ఇంకొకరు '40.2 సె.' అని, మరొకరు 'నలభై' అని రాస్తారు. షీట్ దృష్టిలో మొదటిది మాత్రమే అంకె. మిగతా రెండూ ఉత్త మాటలు. వాటిని సగటులో కలపదు. క్లాసు మధ్యలో వాటిని దిద్దుకుంటూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది.

అదే సెట్టింగ్‌లో 'ఇంత నుంచి ఇంత లోపే ఉండాలి' అని హద్దులు కూడా పెట్టవచ్చు. చాలామంది ఇక్కడ అతిజాగ్రత్తకు పోతారు. సరైన జవాబు 40 కాబట్టి 39 నుంచి 41 మధ్యే తీసుకోమని పెడతారు. అలా చేయొద్దు. 10 నుంచి 60 వరకు తీసుకోనివ్వండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ప్రశ్నలు రెండు భాషల్లోనూ రాయండి. 'డోలనం' అనే మాట తెలుగు మీడియం పిల్లలకు తెలుసు. ఇంగ్లిష్ మీడియంలోకి కొత్తగా మారినవారికి 'ఆసిలేషన్' అనే మాట ఇంకా గొంతు దిగి ఉండదు. ఒకదాని కింద ఒకటి రాస్తే రెండూ నేర్చుకుంటారు.

క్లాసులో నలభై మందిని ఎనిమిది గ్రూపులు చేయండి. ప్రతి గ్రూపు నాలుగు పొడవులకూ కొలిచి ముందు నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ తర్వాతే ఫామ్‌లోకి. ఒక్కో గ్రూపు ఒక్కో ప్రయత్నం చేసినా మొత్తం 32 వరసలు వస్తాయి. ఒక్క టీచర్ ఒక్క పీరియడ్‌లో కూర్చుని ఇన్ని రీడింగులు తీయలేరు.

జవాబులు చేరే ట్యాబ్‌లోనే పక్క గడుల్లో ఫార్ములాలు రాయకండి. కొత్త జవాబు వచ్చినప్పుడల్లా ఫామ్ కొత్త వరస చేరుస్తుంది. ఆ వరసకు మీ ఫార్ములా దానంతట అది రాదు. లెక్కలకు వేరే ట్యాబ్ తెరిచి, అక్కడి నుంచి అంకెలు లాక్కోండి. అక్కడ సమయాన్ని 20తో భాగిస్తే ఒక డోలనానికి పట్టే ఆవర్తన కాలం వస్తుంది. దాని వర్గం నిలువు అక్షం మీద, దారం పొడవు అడ్డ అక్షం మీద పెట్టి స్కాటర్ చార్ట్ గీయండి. చుక్కలన్నీ దాదాపు ఒక సరళరేఖ మీద కూర్చుంటాయి. ఫోన్ చిన్న తెర మీద ఇది కష్టమే. స్కూల్లో డిజిటల్ బోర్డు గానీ కంప్యూటర్ గానీ ఉంటే అందులో తెరవండి.

హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల గురుత్వ త్వరణం దాదాపు 9.78 ఉంటుంది. పుస్తకంలో 9.8 అని రాస్తారు. ఆ లెక్కన 20 డోలనాలకు 25 సెంటీమీటర్ల దారంతో 20.1 సెకన్లు, 50తో 28.4, 75తో 34.8, మీటరు దారంతో 40.2 సెకన్లు రావాలి. ఈ అంకెలు మీ జేబులో ఉంచుకోండి. పిల్లలకు ముందే చెబితే కొలవడం మానేసి ఇవే రాసేస్తారు.

తప్పు రీడింగు దగ్గరే పాఠం మొదలవుతుంది

గ్రాఫ్ తెర మీదకి రాగానే ఒకటి రెండు గ్రూపుల చుక్కలు గీతకు దూరంగా పడి ఉంటాయి. ఎవరివో తెలుసుకోవడానికి గ్రూపు నంబరు ఉంది. ఇప్పుడు ఆ గ్రూపును తిట్టకుండా, తీసేయకుండా, ఎంత దూరం పోయిందో చూడండి.

మీటరు దారానికి 40.2 బదులు 38.2 సెకన్లు వచ్చాయనుకోండి. తేడా సరిగ్గా రెండు సెకన్లు. అంటే ఒక డోలనం. ఏం జరిగి ఉంటుంది? గుండు వదిలిన క్షణంలోనే 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టారు. 20 అని ఆపేసరికి జరిగింది 19 డోలనాలే. 'సున్నా' అని మొదలుపెట్టాల్సింది. ఈ ఒక్క పొరపాటుతో గురుత్వ త్వరణం 10.8 దాకా పోతుంది. ఇది దాదాపు ప్రతి క్లాసులోనూ ఏదో ఒక గ్రూపు చేసే పనే.

ఇంకో గ్రూపుకు 9.6 వస్తుంది. వాళ్లు దారం పొడవును గుండు పైభాగం వరకే కొలిచారు. కొలవాల్సింది గుండు మధ్య బిందువు దాకా. రెండు సెంటీమీటర్ల తేడా చాలు, జవాబు అంత కిందికి దిగుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడా మాత్రం ఇలా ఒకవైపే పోదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది. ఎనిమిది గ్రూపుల సగటు తీస్తే అది చాలావరకు సర్దుకుంటుంది. లెక్క తప్పడం, పొడవు తప్పడం సగటుతో సర్దుకోవు.

క్రమదోషానికీ యాదృచ్ఛిక దోషానికీ తేడా ఇదే. ఇంటర్ ఫిజిక్స్ మొదటి పాఠాల్లో దీన్ని నిర్వచనంగా బట్టీ పట్టిస్తారు. ఇక్కడ ఎనిమిదో తరగతి పిల్లలు తమ అంకెల్లోనే దాన్ని పట్టుకుంటారు. ఫామ్‌లో హద్దులు బిగించి ఉంటే ఆ 38.2 లోపలికే వచ్చేది కాదు. పిల్లలు ఫామ్ ఒప్పుకునే అంకె దొరికేదాకా ఏదో ఒకటి నింపేవారు. అబద్ధపు రీడింగులు రాయడం నేర్పించినట్టయ్యేది.

ఈ ఫామ్‌కు మార్కులు కలపకండి. మార్కులు ఉన్నాయని తెలిసిన మరుక్షణం ఎనిమిది గ్రూపులకూ ఒకే జవాబు వస్తుంది.

రెండు ఊళ్లు, ఒక్క షీటు

లఘులోలకం ప్రయోగాన్ని ఓపిక ఉంటే నల్లబల్ల మీద కూడా చేయవచ్చు. ఆన్‌లైన్ షీట్ లేకుండా చేయలేని ప్రయోగం ఒకటుంది. భూమి చుట్టుకొలత కొలవడం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్థనీస్ ఈజిప్టులో చేసిన పని ఇది. మనకు దీనికి కావలసిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి.

ఆదిలాబాద్, తిరుపతి దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఉత్తర దక్షిణంగా వాటి మధ్య 6 డిగ్రీల తేడా ఉంది. మీకు అవతలి ఊళ్లో తెలిసిన టీచర్ ఉంటే ఒక షీట్ ఇద్దరికీ తెరిచి పెట్టుకోండి. ఒకే రోజు, రెండు బడుల ఆవరణల్లోనూ మీటరు కర్రను నిటారుగా నిలపాలి. 11.50 నుంచి 12.30 వరకు ఐదు నిమిషాలకోసారి నీడ పొడవు కొలిచి నింపుతూ పోవాలి. అతి చిన్న నీడ పడిన క్షణమే ఆ ఊరి మిట్టమధ్యాహ్నం. అది సరిగ్గా 12 గంటలకే రాదని చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది కదా, అక్కడికి పడమటనున్న ఊళ్లకు సూర్యుడు కాస్త ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు.

సెప్టెంబరు మూడో వారం దాటాక, పగలు రాత్రి సమానమయ్యే రోజున చేస్తే ఆదిలాబాద్‌లో నీడ దాదాపు 36 సెంటీమీటర్లు, తిరుపతిలో 24 సెంటీమీటర్లు వస్తుంది. నీడను కర్ర పొడవుతో భాగించి కోణం తీయాలి. షీట్‌లో 'ఏటాన్' ఫార్ములా జవాబును రేడియన్లలో ఇస్తుంది. దాన్ని 'డిగ్రీస్' ఫార్ములాలో పెట్టి మార్చుకోకపోతే అంతా తికమక అవుతుంది. రెండు కోణాల తేడా 6 డిగ్రీలు. వృత్తంలో అరవయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 670 కిలోమీటర్లు. మ్యాప్‌లో సూటిగా కొలవాలి, బస్సు దూరం తీసుకోకూడదు. 670ని 60తో గుణిస్తే 40,200. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు.

మీకు వచ్చేది ఇంత చక్కగా ఉండకపోవచ్చు. కర్ర కాస్త వంగినా, నీడ అంచు మసకగా ఉన్నా ఒక డిగ్రీ తేలిగ్గా తప్పుతుంది. 6లో ఒక డిగ్రీ తప్పితే జవాబు 34 వేలకో 48 వేలకో పోతుంది. అయినా చేసి తీరాల్సిన ప్రయోగం. మన వాళ్లు, అవతలి ఊరి వాళ్లు కలిసి కొలిస్తేనే వచ్చే జవాబు ఇది.

ఫోన్ లేని పిల్లల మాట

ఈ పద్ధతులు ఎక్కడ విఫలమవుతాయంటే ఇక్కడే. ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. అది నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి తొమ్మిదికి ఇంటికి వస్తుంది. డేటా ప్యాక్ అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇద్దరు పిల్లలుంటే అబ్బాయి హోంవర్కే ముందు అవుతుంది. 'ఫామ్ రాత్రి ఎనిమిదిలోగా నింపాలి' అని మెసేజ్ పెట్టిన టీచర్‌కు జవాబు రాని పిల్లలు బద్ధకస్తుల్లా కనిపిస్తారు. వాళ్లకు అసలు ఆ మెసేజే చేరి ఉండదు.

అందుకే పైన చెప్పిన ప్రయోగాలు రెండూ ఒకే ఒక్క ఫోన్‌తో నడిచేలా ఉన్నాయి. అది టీచర్ ఫోన్. జవాబు పంపాక 'సబ్మిట్ అనదర్ రెస్పాన్స్' అని లింకు వస్తుంది. దాన్ని నొక్కి ఫోన్‌ను పక్క గ్రూపుకు ఇవ్వాలి. దీనికి ఫామ్ సెట్టింగ్స్‌లో 'లిమిట్ టు వన్ రెస్పాన్స్' ఆపి ఉంచాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఒక్కరూ సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ కావాల్సి వస్తుంది. గ్రూపులో అంకెలు ఎక్కించే పని ఒకసారి ఒకరికి, మరోసారి ఇంకొకరికి ఇవ్వండి. లేకపోతే ఇంట్లో ఫోన్ అలవాటున్న పిల్లాడే ప్రతిసారీ ఫోన్ పట్టుకుంటాడు, అమ్మాయిలు రీడింగులు చదివి వినిపిస్తూ ఉండిపోతారు.

ఫామ్స్‌కు నెట్ కావాలి. ఆఫ్‌లైన్‌లో పంపడం కుదరదు. షీట్స్, డాక్స్ యాప్‌లలో మాత్రం ముందే ఫైల్‌ను 'అవైలబుల్ ఆఫ్‌లైన్' చేసుకుంటే నెట్ లేని చోట కూడా నింపవచ్చు. సిగ్నల్ రాగానే అదే చేరుతుంది. తరగతి గదిలో ఫోన్‌పై మీ బడిలో ఆంక్షలుంటే ముందుగా ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఏ పీరియడ్, ఏ ప్రయోగం అని రాస్తే చాలు.

ఇంటికి ఇచ్చే పని ఏదైనా సరే, కాగితం దారి తెరిచే ఉంచండి. నోటుబుక్కులో రాసుకొచ్చిన రీడింగుకూ, ఫోన్‌లో పంపిన రీడింగుకూ ఒకే విలువ ఉండాలి.

రికార్డు డాక్స్‌లో రాయించవచ్చా?

రాయించవచ్చు, పెద్ద తరగతుల వారికి. గ్రూపుకు ఒక డాక్ ఇస్తే ఐదుగురూ అందులోనే రాస్తారు. ఎవరు ఏ వాక్యం రాశారో, ఎప్పుడు మార్చారో 'వెర్షన్ హిస్టరీ'లో కనిపిస్తుంది. కాపీ కొట్టడం పూర్తిగా ఆగిపోదు గానీ ఒకడు రాసి నలుగురు పేర్లు పెట్టుకోవడం మాత్రం తగ్గుతుంది. తెలుగు టైపింగ్ రాని పిల్లలు ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి చెబితే తెలుగులోనే పడుతుంది. 'ఆవర్తన కాలం', 'ఏకాంతర విద్యుత్తు' లాంటి మాటల్ని అది వింతగా రాస్తుంది. వాటిని దిద్దించడం కూడా ఒక పనే.

బోర్డు పరీక్షకు చేతి రాత తప్పదు. పదో తరగతి పిల్లలకు అన్నీ తెర మీదే చేయిస్తే పటాలు గీసే అలవాటు పోతుంది. గ్రాఫు మొదటిసారి గ్రాఫ్ పేపర్ మీద, రెండోసారి షీట్‌లో అన్నది నా మట్టుకు నేను చెప్పే వరస.

ప్రయోగశాల లేని బడికి ఉచితంగా ఉన్నవి

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం నడిపే ఫెట్ సిమ్యులేషన్లు పూర్తిగా ఉచితం. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో వీటిని మొదలుపెట్టారు. విద్యుత్ వలయాలు, లోలకం, కాంతి వక్రీభవనం, రసాయన సమీకరణాల తుల్యత లాంటివి ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. ఫైల్‌గా దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి.

మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్‌లో హైస్కూలు, ఇంటర్ స్థాయి ప్రయోగాలు ఉన్నాయి. దీక్ష పోర్టల్‌ను 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే క్యూఆర్ కోడ్‌లు దీని పాఠాలకే తీసుకెళ్తాయి. తెలంగాణలో టీ-శాట్ చానళ్లు, యాప్ ద్వారా కూడా పాఠాలు వస్తాయి. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫైఫాక్స్ యాప్ ఫోన్‌లోని సెన్సర్లనే కొలత పరికరాలుగా మారుస్తుంది. ఉచితం.

ఒక్క మాట. సిమ్యులేషన్‌లో లోలకం ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది. గాలి వీయదు, దారం సాగదు, ఎవరూ లెక్క తప్పరు. దారం, రాయి దొరికే చోట ముందు అవే వాడండి. బల్బులు కాలిపోయే ప్రయోగానికో, కంటికి కనిపించని అణువులకో సిమ్యులేషన్ ఉంచుకోండి.

పిల్లలకు ఖాతా ఎవరు ఇవ్వాలి?

మన దేశంలో సొంతంగా గూగుల్ ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లకు తల్లిదండ్రులు ఫ్యామిలీ లింక్ ద్వారా ఖాతా ఇవ్వాలి. పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. దానివల్ల ఆ పిల్లాడికి పెద్దవాళ్లకు చూపే ప్రకటనలు, వీడియోలే వస్తాయి.

దీనికి సరైన దారి బడి తరఫున ఖాతాలు ఇవ్వడం. గూగుల్ 'వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఫండమెంటల్స్' అర్హత ఉన్న విద్యాసంస్థలకు ఉచితం. మొత్తం బడికి కలిపి 100 టీబీ స్థలం వస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో ఇలాంటిదే ఏ1 ప్లాన్. బడి పేరుతో ఒక వెబ్ డొమైన్ ఉండాలి. దానికి మాత్రం ఏటా కొంత రుసుము కట్టాలి. పిల్లలు ఏ సేవలు వాడవచ్చో బడి అడ్మిన్ నిర్ణయిస్తారు. బడి వదిలినప్పుడు ఖాతా మూసేయవచ్చు.

ఇవేవీ లేని బడిలో టీచర్ తన సొంత ఖాతాతోనే నెట్టుకొస్తారు. అందులో ఉచితంగా ఉండేది 15 జీబీ. అదీ జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి. పిల్లలను రికార్డు పేజీల ఫొటోలు ఫామ్‌లో అప్‌లోడ్ చేయమంటే అవన్నీ మీ ఖాతాలోనే పడతాయి. అది నిండితే మీ బ్యాంకు మెయిళ్లు కూడా రావు. ఫొటోలు అడగకండి, అంకెలు అడగండి.

పిల్లల వివరాలు: తల్లిదండ్రులు ఇక్కడ ఆగండి

లఘులోలకం ఫామ్‌లో పిల్లల పేరు అడగలేదని గమనించారా? అక్కర్లేదు కాబట్టి అడగలేదు. గ్రూపు నంబరు చాలు. కానీ క్విజ్ ఫామ్‌ల పేరుతో పూర్తి పేరు, పుట్టిన తేదీ, తండ్రి ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, కులం కూడా అడుగుతున్న సందర్భాలున్నాయి. మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ మీద పది ప్రశ్నలకు ఆధార్ ఎందుకు?

'డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం - 2023' ప్రకారం 18 ఏళ్లు నిండని వారంతా పిల్లలే. వారి డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది నిజంగా వారిదేనని సరిచూడాలి. పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. దీని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. దశలవారీగా అమల్లోకి వస్తాయి. చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఆగాల్సిన పనేమీ లేదు, అడిగే హక్కు మీకు ఇప్పుడూ ఉంది.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. దీక్ష యాప్‌కు చెందిన ఒక క్లౌడ్ సర్వర్ రక్షణ లేకుండా తెరిచి ఉండిపోయిందని, పది లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో బయటపడ్డాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక బయటపెట్టింది. ప్రభుత్వ వేదికకే అలా జరిగితే, ఒక టీచర్ రాత్రి పూట తయారుచేసిన షీట్ ఎంత భద్రంగా ఉంటుందో ఆలోచించండి.

టీచర్లు మూడు చోట్ల చూసుకోవాలి. షీట్ షేరింగ్‌లో 'ఎనీవన్ విత్ ద లింక్' అని ఉండి, పక్కన 'ఎడిటర్' అని ఉంటే ఆ లింకు దొరికిన ప్రతివాడూ అంకెలు మార్చగలడు, చెరపగలడు. వాట్సాప్ గ్రూపులో పడ్డ లింకు అక్కడే ఆగదు. పిల్లలకు 'వ్యూయర్' చాలు. రెండోది, ఫామ్ సెట్టింగ్స్‌లో ఫలితాల సారాంశం చూపే మీట. అది ఆన్‌లో ఉంటే ఒకరి జవాబులు అందరికీ కనిపిస్తాయి. ప్రయోగానికి మంచిదే, మార్కుల క్విజ్‌కు కాదు. మూడోది, మార్కుల జాబితా. దాన్ని పేర్లతో సహా గ్రూపులో పెట్టడం చాలా బళ్లలో రివాజు. చివరి ర్యాంకు పిల్లాడి పేరు రెండు వందల ఫోన్లలోకి వెళ్తుంది. ఎవరి మార్కులు వాళ్లకే పంపండి.

తల్లిదండ్రులుగా మీరు స్కూలును అడగాల్సినవి ఇవి: ఈ ఫామ్ ఎవరి ఖాతాలో ఉంది? బడిదా, టీచర్ సొంతదా, బయటి కంపెనీదా? ఈ వివరం ఎందుకు కావాలి? ఏడాది చివర తీసేస్తారా? మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. స్కూలు పేరుతో వచ్చిన ఫామ్‌లో ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ అడిగితే అది మోసమే. గూగుల్ ఫామ్స్ అడుగునే 'పాస్‌వర్డ్‌లు ఇవ్వకండి' అని ఉంటుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

సర్వీసు మూతపడితే?

ఇది జరుగుతూనే ఉంటుంది. ఫోన్‌ను కొలత పరికరంగా మార్చిన 'సైన్స్ జర్నల్' యాప్‌ను గూగుల్ 2020లో ఆర్డునో సంస్థకు అప్పగించింది. ఆన్‌లైన్ తెల్లబోర్డు 'జామ్‌బోర్డ్'ను 2024 చివర మూసేసింది. దాని మీద ఏళ్లుగా పాఠాలు తయారుచేసుకున్న టీచర్లు వాటిని పీడీఎఫ్‌లుగా దింపుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ప్రతి టర్మ్ చివర షీట్‌ను ఎక్సెల్ ఫైలుగా, డాక్‌లను పీడీఎఫ్‌లుగా దింపి బడి కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంచండి. టీచర్ బదిలీ అయినప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ఫామ్‌లు సొంత ఖాతాలో ఉంటే ఆయనతోనే వెళ్లిపోతాయి. వెళ్లేముందు కొత్త టీచర్‌ను షీట్‌లో ఎడిటర్‌గా చేర్చడమో, కాపీ ఇవ్వడమో చేయాలి. పిల్లల పేర్లున్న పాత క్విజ్ ఫామ్‌లను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా, మార్కులు రిజిస్టర్‌లోకి ఎక్కించాక తీసేయండి. లోలకం రీడింగుల షీట్ ఉంచండి. పేర్లు లేవు కాబట్టి ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది పిల్లలు తమ చుక్కల్ని నిరుటి క్లాసు చుక్కల పక్కన పెట్టి చూసుకుంటారు.